మూఢంలో మొదలైన ఫోటో పని: పది నెలల డైరీ

ఏప్రిల్ 30, 2024

ఈ రోజుతో కాలేజీ అయిపోయింది. పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. స్టాఫ్ రూంలో సమోసాలు, కూల్‌డ్రింక్, ఒక శాలువా, ప్రిన్సిపాల్ గారి రెండు మాటలు, అంతే. హన్మకొండలో బస్సు దిగి ఇంటికి నడిచొస్తుంటే సంతోషమో భయమో తెలియకుండా కడుపులో తిప్పుతూనే ఉంది. రేపటి నుంచి ఎవరైనా ఏం చేస్తావని అడిగితే ఫోటోగ్రాఫర్ అని చెప్పాలి. ఇంతవరకు ఆ మాట నోటితో అనలేదు.

ఈ డైరీ లెక్క కోసం. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏం చెడగొట్టాను, ఇంట్లో ఎవరి మీద ఎంత బరువు పడింది అన్నది రాసిపెట్టుకోకపోతే ఆర్నెల్లు పోయాక నాకు నచ్చిన కథ నాకు నేనే చెప్పుకుంటాను.

రెండేళ్ల నుంచి ఆదివారాలు ఒక సీనియర్ అన్న దగ్గర పెళ్లిళ్లకు రెండో కెమెరా పట్టుకుంటున్నా, రోజుకు 1,500. అంతకుముందు ఇంట్లో ఉన్న కానన్ 1500డి తో పిల్లల ఫోటోలు, భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే కొంగలు. ఇప్పుడు చిట్టీ ఎత్తిన లక్షన్నర, చేతిలో ఉన్న 16 వేలు కలిపి సామాను కొన్నాను. సోనీ ఏ7 త్రీ సెకండ్ హ్యాండ్, కిట్ లెన్సుతో కలిపి 88 వేలు. 85 ఎంఎం లెన్సు, అదీ సెకండ్ హ్యాండే, 30 వేలు. ఫ్లాష్‌లు రెండు 13 వేలు, కార్డులు, బ్యాటరీలు, బ్యాగు 14 వేలు, రెండు హార్డ్ డిస్కులు 21 వేలు. ఈ కెమెరానే ఎందుకంటే ఇందులో రెండు కార్డులు పడతాయి, తీసిన ప్రతి ఫోటో ఒకేసారి రెండింట్లోనూ రాసుకుంటుంది. పుస్తె కట్టేటప్పుడు కార్డు పోయిందంటే మళ్లీ కట్టమని అడగలేం కదా.

మా ఆయన కాజీపేటలో గూడ్స్ బండ్ల లోకో పైలట్. ఉద్యోగం మానేస్తానంటే వద్దనలేదు గానీ మూడు షరతులు పెట్టాడు. ఇంటి లోను కిస్తీ ఆరు నెలలది పక్కన ఉండాలి, సాయంత్రం ట్యూషన్ ఆపొద్దు (ఎనిమిది మంది పిల్లలు, నెలకు 8 వేలు), రాత్రి పూట ఫంక్షన్ అయితే ఎవరు తీసుకెళ్లి ఎవరు తీసుకొస్తారో ముందే తేలాలి. మూడూ న్యాయమే. "నీకైతే ముహూర్తం కార్డు మీద అచ్చేస్తరు, నాకు రెండు గంటల ముందు ఫోనొస్తది, ఈ రెండు ఎట్ల కలుపుతవో కలుపు" అన్నాడు. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్.

మే 9

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. సీనియర్ అన్నకు ఫోన్ చేసి, ఇక అన్ని రోజులూ ఖాళీనే, ఎప్పుడు పిలిచినా వస్తానని చెప్పా. ఆయన కాసేపు ఆగి, "మేడం, ఇప్పుడు పనెక్కడిది? శుక్ర మూఢం నడుస్తుంది, దాంట్లనే గురు మూఢం. అది పోంగనే ఆషాఢం. శ్రావణం దాక లగ్గాలే లేవు" అన్నాడు.

మూడు నెలలు! గోడకు పంచాంగం క్యాలెండర్ వేలాడుతూనే ఉంది, అత్తమ్మ రోజూ అందులో తిథి చూస్తుంది. నేను పదకొండేళ్లుగా అకడమిక్ క్యాలెండర్ తప్ప ఇంకో క్యాలెండర్ చూసినదాన్ని కాదు. ఎండాకాలం అంటే పెళ్లిళ్ల సీజన్ అనే ఒక్క గుడ్డి నమ్మకంతో ఏప్రిల్ ఆఖరున మానేశాను. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనిపించకుండా పోతే మూఢం అంటారు, అన్ని రోజులు పెళ్లి చేయరు. ఈసారి ఇద్దరూ ఒకే నెలలో కనిపించకుండా పోయారు.

మా ఆయనకు చెప్తే నవ్వు ఆపుకోలేకపోయాడు. "సిగ్నల్ చూడకుండనే బండి తీసినవ్."

మే 26

మొదటి సొంత పని. తెలిసినవాళ్ల బాబు ఐదో పుట్టినరోజు, 4,000. హాలంతా ఎల్ఈడీ లైట్లు. పిల్లలు ఒకచోట ఉండరు కాబట్టి షట్టర్ 1/500 (సెకనులో ఐదు వందలో వంతు) పెట్టాను, చప్పుడు లేకుండా ఉంటుందని సైలెంట్ షట్టర్ కూడా వేశాను. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే 140 ఫోటోల్లో అడ్డంగా నల్లటి చారలు. కేకు మీద చార, తాతయ్య ముఖం మీద చార.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి అరపూట పట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది, కంటికి తెలియదు. షట్టర్ 1/100 పెడితే ఒక పూర్తి వెలుగు విడత లోపల పడుతుంది, 1/500 పెడితే అందులో ఐదో వంతే. పైగా సైలెంట్ మోడ్‌లో సెన్సర్ పై నుంచి కిందికి వరుసగా చదువుకుంటూ పోతుంది, ఒక వరుస చదివేటప్పుడు లైటు ఎక్కువ, ఇంకో వరుసకు తక్కువ, అందుకే చారలు. లెక్కల టీచర్‌ని అయ్యుండి ఈ చిన్న భాగహారం ముందే చేసుకోలేదు. అప్పటి నుంచి ఫంక్షన్ హాల్లోకి వెళ్లగానే మామూలు షట్టర్, 1/100, మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్, లోపలున్న లైట్లతో సరిపోకపోతే ఫ్లాష్. డెకరేషన్ వాళ్లు పెట్టే రంగురంగుల లైట్లకు, స్టేజీ వెనక పెద్ద ఎల్ఈడీ తెరకు మాత్రం ఈ లెక్క పనిచేయదు, వాటి వేగం వేరు, షట్టర్ మార్చి మార్చి తీసి చూసుకోవాల్సిందే.

ఆ ఇంటివాళ్లకు విషయం చెప్పి వెయ్యి తిరిగి ఇచ్చేశా. వాళ్లకు చారలు కనిపించనే లేదట, నేను చూపించాక కనిపించాయి. చూపించకుండా ఉండాల్సిందని మా ఆయన అభిప్రాయం.

జూన్ 13

దారి దొరికినట్టుంది, అదీ మూఢం వల్లే. మా వీధి గుడి పంతులు గారిని అడిగితే పెళ్లి, గృహప్రవేశం లాంటివే ఆపుతారమ్మా, సీమంతం, బారసాల, అన్నప్రాశన ఆగవు అన్నారు. నిజమే, పుట్టే పిల్లలు శుక్రుడి కోసం ఆగరు. కాలేజీలో తోటి లెక్చరర్ చెల్లెలికి పాప పుట్టి పన్నెండు రోజులైంది, ఫోటోలు దించడానికి ఆడవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండునని వెతుకుతున్నారట. బాలింత గదిలోకి మగ ఫోటోగ్రాఫర్ రావడం వాళ్లకు ఇష్టం లేదు. మూడు వేలకు ఒప్పుకున్నా.

కాశిబుగ్గలో పాత ఇల్లు, తూర్పు కిటికీ. మన దగ్గర బాలింతను గడప దాటనివ్వరు కాబట్టి స్టూడియో అవసరమే లేదు, నేనే వెళ్లాలి, అంటే అద్దె ఖర్చు లేదు. తీసుకెళ్లినవి కెమెరా, 20 రూపాయల థర్మాకోల్ షీటు ఒకటి, కాలేజీలో కప్పిన ఆ శాలువా. కిటికీ ఒక పక్క, రెండో పక్క థర్మాకోల్ నిలబెడితే నీడ పడ్డ చెంప మీదికి మెత్తగా వెలుగొస్తుంది, ఫ్లాష్ తీయనే లేదు. శాలువా పాప కింద పరిచాం, మెరూన్ రంగు, అంతకన్నా మంచి ఉపయోగం దానికి దొరకదు.

పసిపిల్లల ఫోటోల్లో నైపుణ్యం కెమెరాది కాదు, టైముది. పొద్దున నూనె పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి స్నానం పోసి, పాలు తాగించాక పాప గంటన్నర కదలకుండా పడుకుంటుంది. ఆ గంటన్నరే మనది. అమ్మమ్మ ఆ మూలన సాంబ్రాణి వేసింది (నేను అడగలేదు, పిల్లలకు పొగ పడదని డాక్టర్లు అంటారు కూడా, అందుకే పాప దగ్గరికి తేవద్దని చెప్పా), ఆ పొగలోంచి కిటికీ ఎండ ఊచలు ఊచలుగా నేల దాకా దిగింది. నలభై ఏళ్ల నుంచి ఆ ఇంట్లో రోజూ దిగుతూనే ఉండుంటుంది. ఆ ముసలావిడ వేళ్లు పాప నుదుటి మీద, వెనక ఆ ఎండ ఊచలు. నేను ఇంతవరకు తీసినవాటిలో అదొక్కటే నాకు పూర్తిగా నచ్చిన ఫోటో.

ఒక్క విషయం గట్టిగా అనుకున్నా. పాప రెండు చేతుల మీద గడ్డం ఆనించి కూర్చున్నట్టు ఫోన్లో కనిపించే పోజు ఉంటుంది, పాప తల్లి అదే కావాలంది. నిజానికి అది రెండు ఫోటోలు కలిపి చేసేది, ఒకదాంట్లో ఎవరో తల పట్టుకుంటారు, ఇంకోదాంట్లో చేతులు పట్టుకుంటారు, తర్వాత పట్టుకున్న చేతులు చెరిపేస్తారు. నాకు అది రాదు, నేర్చుకోవడానికి వాళ్ల పాప పనిముట్టు కాదు. రాదనే చెప్పేశా. నిద్రపోయేటట్టే నిద్రపోనివ్వండి అంటే అమ్మమ్మ సంతోషపడింది.

జూలై 28

మూడు నెలల లెక్క. మే 6,500, జూన్ 12,000, జూలై 20,000. మొత్తం 38,500. కాలేజీలో ఉంటే ఈ మూడు నెలలకు 81,000 వచ్చేది. సగం కూడా కాదు. కిస్తీ డబ్బులు పక్కన ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు, అలా అని పప్పు డబ్బా నిండినట్టూ కాదు.

ఈ నెలలో ఒక రాత్రి నిద్ర పట్టక రాజా దీన్‌దయాళ్ గురించి చదివాను. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా అందరికీ తెలిసిన పేరే, కానీ ఆయన కూడా ఉద్యోగం మానేసి వచ్చినవాడేనని నాకు తెలియదు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు, ఫోటోలు ఖాళీ టైములో పెట్టుకున్న సరదా. అయితే ఆయన ముందు చాలాకాలం సెలవు పెట్టి చూసుకుని, తర్వాతే మానేశాడు. ఆ తెలివి నాకు లేకపోయింది. ఇంకా నచ్చిన విషయం, 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే విడిగా ఒక జెనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లిష్ ఆవిడను పెట్టాడు. పరదా వెనక ఉన్నవాళ్ల దగ్గరికి మగవాళ్ల కెమెరా వెళ్లలేదని ఆయనకు తెలుసు. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత కాశిబుగ్గలో నాకు పని దొరికింది కూడా అదే కారణంతో.

ఆగస్టు 16

శ్రావణం. ఒక్కసారిగా ఊపిరి ఆడటం లేదు. సీనియర్ అన్న దగ్గర నాలుగు పెళ్లిళ్లు, ఇప్పుడు రోజుకు 2,500 ఇస్తున్నాడు. సొంతంగా పెళ్లికూతురి ఇంట్లో మైలపోలు (పెళ్లికి ముందు పసుపు రాసే వేడుక) రెండు, హాఫ్ శారీ ఒకటి.

మైలపోలు తీయడం కష్టం. ఇంటి ముందు గులాబీ రంగు షామియానా, పైన పన్నెండు గంటల ఎండ, ఆ గుడ్డలోంచి దిగిన వెలుగు అందరి ముఖాల మీద గులాబీ పూసేస్తుంది, దాని మీద పసుపు, దాని మీద ఎర్రంచు తెల్ల చీర. కెమెరా ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటోకు ఒక్కో రంగు. మొదటి ఇంట్లో మూడు వందల ఫోటోలు ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. రెండో ఇంట్లో ముందురోజే వెళ్లి షామియానా వేసే అన్నను బతిమాలి, పీట వేసే చోట పైన ఒక్క ముక్క తెల్ల గుడ్డ కట్టించా. ఆయన వింతగా చూసినా కట్టాడు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఒక తెల్ల కాగితం మీద కొట్టి లాక్ చేశా. అంతే, ఒక పూట ఎడిటింగ్ పని తప్పింది.

నిన్న ఆగస్టు 15. పెద్దదానికి బడిలో డాన్స్ (నాలుగో తరగతి), నాకు ములుగు రోడ్డులో పెళ్లి. మా ఆయన పోతానన్నాడు, తెల్లవారుజామున నాలుగింటికి కాల్ వచ్చింది. అత్తమ్మ చిన్నోడిని చంకనేసుకుని వెళ్లి నా పాత ఫోన్లో వీడియో తీసింది. మూడు నిమిషాల వీడియోలో రెండు నిమిషాలు అత్తమ్మ బొటనవేలు, మిగతాది ఎవరిదో వీపు. రాత్రి పదింటికి ఇంటికొచ్చేసరికి పెద్దది మేలుకునే ఉంది. ఏడుపు లేదు, అలక లేదు, తన డబ్బా తీసి ఇరవై రూపాయల నోటు నా చేతిలో పెట్టి, "అమ్మా, అడ్వాన్స్ ఇస్తే నువ్వు డేట్ రాసిపెడ్తవ్ గదా, నవంబర్ల చిల్డ్రన్స్ డే ఉంది" అంది.

నోటు తీసుకున్నా. క్యాలెండర్‌లో నవంబరు 14 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశా. ఆ క్యాలెండర్‌లో ఇప్పుడు మూడు రంగులు, నీలం నా పనులు, పచ్చ మా ఆయన రెస్టు రోజులు, ఎరుపు పిల్లలవి. ఎరుపున్న రోజు ఎవరు అడిగినా ఖాళీ లేదనే చెప్తా. (ఆ తర్వాత నిజంగానే నవంబరు 14కి ఒక పెళ్లి వాళ్లు అడిగారు, వేరే అమ్మాయికి చెప్పి పంపించా. నోటు ఇంకా కెమెరా బ్యాగులోనే ఉంది.)

సెప్టెంబరు 4

ఆదివారం, ఒకటో తారీఖున 21వ రోజు ఫంక్షన్ ఒకటి ఒప్పుకుని ఉన్నా. శనివారం సాయంత్రం నుంచి కుండపోత. మా ఆయన శనివారం బండి తీసుకుని డోర్నకల్ వెళ్లాడు. ఆదివారం పొద్దున కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయిందని వార్త, పట్టాలు గాల్లో వేలాడుతున్న వీడియోలు అందరి ఫోన్లలో. మా ఆయనది ఆ పక్క, మేం ఈ పక్క. రన్నింగ్ రూమ్ (లోకో పైలట్లు విశ్రాంతి తీసుకునే చోటు) నుంచి ఫోన్ చేసి బాగానే ఉన్నానన్నాడు, ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

ఫంక్షన్ వాళ్లు మాత్రం ఆపలేదు, బంధువులు సగం మంది రాలేకపోయినా ఇంట్లోనే బిడ్డను తొట్టెల్లో వేశారు. పిల్లలు భయపడుతున్నారు, వదిలి వెళ్లాలా మానాలా అని నిలబడిపోతే అత్తమ్మే అంది, "వాడు ఆడ నిమ్మలంగ ఉన్నడు. నువ్వు మాటిచ్చినవ్ గదా బిడ్డా, పోయిరా, నేను ఉన్న పిల్లల కాడ." ఈ పని మొదలుపెట్టాక అత్తమ్మ పోయిరా అనడం అదే మొదటిసారి. కెమెరాకు కూరగాయల కవర్ తొడిగి, లెన్సు ముందు రంధ్రం చేసి, ఆటోలో వెళ్లా. కరెంటు లేదు, రెండు దీపాలు, ఒక ఫోన్ టార్చి. ఐఎస్ఓ (వెలుగు తక్కువున్నప్పుడు పెంచే సెట్టింగ్) 6400 పెట్టి తీశా, గింజగింజగా ఉన్నాయి ఫోటోలు, వాళ్లకు ఇష్టమే. మా ఆయన ఈరోజు ఇల్లు చేరాడు.

అక్టోబరు 11

నిన్న సద్దుల బతుకమ్మ, పద్మాక్షి గుట్ట దగ్గర. ఆరింటి దాకా ఫోటోలు, ఆ తర్వాత పెద్దదానితో ఆట అని ఒప్పందం. అసలు వెలుగు ఆరు దాటాకే వచ్చింది, నీలం ఆకాశం, గునుగు పూల తెలుపు, నీళ్ల మీద దీపాలు. కెమెరా బ్యాగులోనే ఉంది. చేతులు దురదపెట్టాయి, అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

నవంబరు 24

ఈ పనిలో ఫోటో తీయడం సగమే, డబ్బు రాబట్టుకోవడం మిగతా సగం అని ఎవరూ చెప్పలేదు. ఆగస్టు హాఫ్ శారీ ఆల్బమ్ ఇంకా మొదలు కాలేదు. కారణం, వాళ్లు ఫోటోలు ఎంచి ఇవ్వరు. 1,100 ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చా, అందులో 150 ఎంచమంటే "ఈ వారం చూస్తాం అక్కా" అని మూడు నెలలు. ఆల్బమ్ అయ్యాకే మిగిలిన డబ్బు అనే ఒప్పందం నాదే, బుద్ధి లేక. ఇప్పుడు కొత్త పద్ధతి: డేటు రాసుకునేటప్పుడు 40 శాతం, ఫంక్షన్ రోజు 50, ఆల్బమ్ చేతికిచ్చినప్పుడు 10. ఎంపికకు నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లి కూర్చుంటా, చాయ్ తాగేలోపు వంద, భోజనం వేళకు నూట యాభై అయిపోతాయి. మేనత్త ఫోటో ఎందుకు లేదనే గొడవ కూడా అక్కడే తేలిపోతుంది.

అలా కూర్చున్నప్పుడే ఇంకో మాట తప్పకుండా వస్తుంది. "పిల్లను కొంచెం తెల్లగ చెయ్యరాదూ." మొదట్లో కోపం వచ్చేది. తర్వాత గమనించా, నా తప్పు కూడా కొంత ఉంది. పెళ్లికొడుకు తెల్ల పంచె, వెనక తెల్ల పూల డెకరేషన్ ఉంటే కెమెరా ఆ తెలుపు చూసి మొత్తం ఫోటోను చీకటి చేస్తుంది, నల్లగా ఉన్న ముఖం ఇంకా నల్లబడి కళ్లు కూడా కనిపించవు. వాళ్లు రంగు అంటున్నది చాలాసార్లు నేను తక్కువ ఇచ్చిన వెలుగు. ఇప్పుడు ముఖం మీదే వెలుగు కొలుచుకుని (మీటర్ చేసుకుని), తెలుపు కొంచెం పోయినా పోనీ అని తీస్తున్నా. అయినా అడిగితే రెండు ప్రింట్లు పక్కపక్కన పెడతా, ఉన్న రంగుది ఒకటి, వాళ్లు అడిగినట్టు తెల్లగా చేసింది ఒకటి. మొన్న ఒక పెళ్లికూతురి నాయనమ్మ తెల్లదాన్ని పక్కకు తోసి, "ఇది మా పోరి కాదు" అంది. అందరూ అలా అనరు. కొందరికి తెల్లదే కావాలి, ఇచ్చేస్తా, కానీ ఆన్‌లైన్‌లో నా పేజీలో పెట్టను.

డిసెంబరు 19

పేజీ అంటే గుర్తొచ్చింది. పోయిన వారం ఒక బాబు ఫోటో పెట్టాను, తల్లి సరేనంది. మూడో రోజు బాబుకు జ్వరం. నాయనమ్మ ఫోన్, దిష్టి తగిలిందని, లోకమంతా చూసేలా ఎవర్ని అడిగి పెట్టావని. వాదించలేదు, నిమిషంలో తీసేశా. జ్వరానికి ఫోటో కారణం కాదని నాకు తెలుసు, కానీ అడగాల్సినవాళ్లను అందర్నీ అడగలేదన్నది నిజం. చట్టం కూడా ఆవిడ వైపే ఉంది, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. తీసింది నేనే కదా అని ఇన్నాళ్లూ అనుకుంటున్నా. ఇప్పుడు అడ్వాన్స్ రసీదు మీదే తెలుగులో రెండు గడులు: ఫోటోలు బయట పెట్టుకోవచ్చు, పెట్టకూడదు. సంతకం ఇంట్లో పెద్దవాళ్లది. ఎక్కువమంది పెట్టకూడదు అన్నదానికే టిక్ చేస్తున్నారు, దాంతో కొత్తవాళ్లకు చూపించడానికి ఫోటోలు తక్కువ. చిన్న ప్రింట్ల ఆల్బమ్ ఒకటి చేసి, ఒప్పుకున్నవాళ్లవి మాత్రం అందులో పెట్టి చేతికిస్తున్నా. ఫోన్లో చూసినప్పుడు అడగని రేటు, ఆ ఆల్బమ్ తిరగేసినవాళ్లు ఇస్తున్నారు.

జనవరి 20, 2025

ధనుర్మాసం, ఇప్పుడు పుష్యం. పెళ్లిళ్లు లేవు. ఈసారి కంగారు లేదు, ముందే తెలుసు. మిగిలిపోయిన ఎడిటింగ్ మొత్తం అయిపోయింది. కుడి మణికట్టు నొప్పి, మౌస్ ఎడమ చేతికి మార్చా. పాత హార్డ్ డిస్కు టకటకమంటోంది, రెండోదాంట్లో అంతా ఉంది కాబట్టి నిద్రపోగలుగుతున్నా. సంక్రాంతికి అమ్మగారింటికి వెళ్లాం, నాలుగు రోజులు ఉన్నాం, కాలేజీ రోజుల్లో ఎప్పుడూ రెండు రోజులు మించలేదు.

ఫిబ్రవరి 26

మాఘం అయిపోవస్తోంది, ఈ నెల 58,000, ఇంతవరకు ఎక్కువ ఇదే. పది నెలల మొత్తం వేశా. వచ్చింది 2,95,500. ఆల్బమ్‌లు, హెల్పర్లు, ఆటోలు, సాఫ్ట్‌వేర్ చందా కలిపి పోయింది 71,000. మిగిలింది 2,24,500, అంటే నెలకు 22,450. కాలేజీ జీతం 27,000. ఇంకా 4,550 తక్కువ, కెమెరా సామాను 1,66,000 ఇందులో తీసేయలేదు, తీసేస్తే పది నెలలకు మిగిలింది 58,500. ట్యూషన్ లేకపోతే ఇల్లు నడిచేది కాదు. ఉద్యోగం మానేసి ఫోటోలు తీసి బతుకుతున్నానని ఎవరైనా గొప్పగా అంటే ఈ పేజీ చూపించాలి. వచ్చే నెల 5 నుంచి ఇంటర్ పరీక్షలు, ట్యూషన్ పిల్లలకు డౌట్లే డౌట్లు, అదొక సీజన్.

నిన్న పంతులు గారు మళ్లీ కనిపిస్తే, వచ్చే మూఢం ఎప్పుడని అడగలేదు, నేనే వేసుకున్న లెక్క చూపించి సరిచూడమన్నా. పోయిన ఏడాది జూన్ 4న శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్లాడు. మళ్లీ అదే స్థితికి రావడానికి సగటున 584 రోజులు. కలిపితే 2026 జనవరి 9 దగ్గర తేలుతుంది. దానికి అటూ ఇటూ నెల పైన వేసుకుంటే నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, అంటే వచ్చే మాఘం మొత్తం పోయినట్టే. మధ్యలో మార్చిలో శుక్రుడు మన వైపు నుంచి దాటే చిన్న మూఢం ఒకటుంది, అది పది రోజులే. గురువుది ఈసారి జూన్‌లో, నెల రోజులు. పంతులు గారు ఆయన పుస్తకం తీసి చూసి, "సరిగ్గనే ఉందమ్మా, నువ్వు కాలేజీ ఎందుకు మానేసినవ్?" అన్నారు.

రాత్రి మా ఆయనకు చూపించా. 2026 మాఘంలో పెళ్లిళ్లు లేవు గానీ మేడారం జాతర ఉంది, అప్పుడు నీకు లీవు దొరకదు, పిల్లల్ని నేనే చూసుకోవచ్చు అని చెప్తుండగానే ఫోన్ మోగింది. బల్లార్షా బండి, పన్నెండున్నరకు సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కాలి. డబ్బాలో అన్నం కట్టాలి. మార్చి 2న కరీమాబాద్‌లో బారసాల, బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టాను, పొద్దున్నే థర్మాకోల్ షీటు కొత్తది కొనాలి, పాతదాన్ని చిన్నోడు విరిచి పడవ చేశాడు.